ఆట ఎప్పుడు, ఎవరి చేతికి?

2013 మార్చి మొదటి వారంలో 'సిమ్‌సిటీ' అనే నగర నిర్మాణపు గేమ్ అమెరికాలో విడుదలైంది. విడుదలకు ముందే దాన్ని ఆడి చూసిన పాలిగాన్ అనే సమీక్షా పత్రిక పదికి 9.5 మార్కులు వేసింది. ఆ గేమ్ ఇంటర్నెట్‌కు కలిసి ఉంటేనే నడుస్తుంది. సమీక్షకులు ఆడిన రోజుల్లో సర్వర్ల మీద ఉన్నది గుప్పెడు మంది. విడుదలయ్యాక కొన్నవాళ్లంతా ఒక్కసారిగా వచ్చి పడేసరికి ఆ సర్వర్లు చేతులెత్తేశాయి. డబ్బు కట్టినవాళ్లు గేమ్‌లోకి అడుగు పెట్టడానికే గంటల తరబడి ఎదురుచూశారు. పాలిగాన్ తన మార్కును మొదట 8కి, ఆ తర్వాత 4కి దించింది. ఇదంతా కొద్ది రోజుల్లోనే జరిగింది.

ఆ సమీక్షకులు అబద్ధం రాయలేదు. వాళ్ల చేతికి అందిన గేమ్ వేరు, జనం చేతికి వెళ్లిన గేమ్ వేరు. లోపలి ప్రోగ్రామ్ దాదాపు ఒకటే కావచ్చు. కానీ సర్వర్ల మీద బరువు పడేదాకా ఆ గేమ్‌కు అసలు పరీక్షే మొదలు కాలేదు. మొదలుకాని పరీక్షకు ముందే మార్కులు పడ్డాయి. ఆ 9.5ను నమ్మి కొన్నవాళ్లు నష్టపోయారు, సమీక్షకుల మీద నమ్మకం తగ్గింది, తయారుచేసినవాళ్ల ఏళ్ల శ్రమ మొదటి వారంలోనే అపహాస్యం పాలైంది.

గేమ్‌ను రివ్యూకు ఎప్పుడు పంపాలి అని అడిగితే 'విడుదలకు ఇన్ని వారాల ముందు' అనే లెక్క జవాబుగా దొరుకుతుంది. ఆ లెక్క అవసరమే గానీ దానికన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. రివ్యూ అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు పనులను పిలుస్తున్నాం. స్టీమ్, యాప్ స్టోర్, గూగుల్ ప్లే, ప్లేస్టేషన్ వంటి దుకాణాలు చేసేది తనిఖీ. పత్రికలు, వెబ్‌సైట్లు, యూట్యూబ్ చానళ్లు చేసేది సమీక్ష. తనిఖీలో తప్పితే గేమ్ తిరిగి వస్తుంది. కారణం చెబుతారు, సరిదిద్ది మళ్లీ పంపవచ్చు, బయట ఎవరికీ తెలియదు. సమీక్షలో తప్పితే ఆ మాట అచ్చులో నిలిచిపోతుంది. అందుకే మొదటిదానికి తొందరపడాలి, రెండోదానికి ఆగాలి. చిన్న బృందాలు చాలాసార్లు దీన్ని తలకిందులు చేస్తాయి. ఉత్సాహం కొద్దీ సగం ఉడికిన బిల్డ్‌ను, అంటే ఆడించడానికి తయారుచేసిన గేమ్ ప్రతిని, యూట్యూబ్ చానళ్లకు ముందే పంచుతాయి, దుకాణానికి మాత్రం ఆఖరి వారందాకా పంపవు. ఈ తలకిందుల వరుస వల్లే మంచి గేమ్‌లు కూడా దెబ్బతింటున్నాయి.

దుకాణపు తనిఖీ

కంప్యూటర్ గేమ్‌లకు అతి పెద్ద సంత స్టీమ్. దాన్ని నడిపే వాల్వ్ సంస్థ ఒకప్పుడు గ్రీన్‌లైట్ అనే పద్ధతిలో ఏ గేమ్ అమ్మకానికి రావాలో ఆటగాళ్ల ఓట్లను చూసి నిర్ణయించేది. 2017 జూన్‌లో దాన్ని తీసేసి స్టీమ్ డైరెక్ట్ తెచ్చింది. ఇప్పుడు ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు కడితే చాలు. అమ్మకాలు 1000 డాలర్లకు చేరాక ఆ రుసుము వెనక్కి వస్తుంది. తలుపు తెరిచే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ లోపల గడియారాలు నడుస్తుంటాయి. రుసుము కట్టిన రోజు నుంచి 30 రోజులు గడవకుండా విడుదల చేయడం కుదరదు. 'త్వరలో వస్తుంది' అనే పేజీ కనీసం రెండు వారాలు జనానికి కనిపించాలి. ఆ పేజీనీ, గేమ్ బిల్డ్‌నూ వాల్వ్ సిబ్బంది విడివిడిగా చూస్తారు. ఒక్కోదానికి సాధారణంగా మూడు నుంచి ఐదు పనిదినాలు పడుతుంది. ఒక్కసారి వెనక్కి వస్తే ఆ పనిదినాలు మళ్లీ మొదటి నుంచి లెక్కించుకోవాలి.

వాళ్లు చూసేది గేమ్ బాగుందా లేదా అని కాదు. పేజీలో చెప్పింది బిల్డ్‌లో ఉందా అని. కంట్రోలర్‌తో పూర్తిగా ఆడవచ్చని పేజీలో రాసి, లోపల ఒక మెనూలో మౌస్ లేకుండా ముందుకు పోలేకపోతే తిప్పి పంపుతారు. మ్యాక్‌లో నడుస్తుందని పెట్టి మ్యాక్ బిల్డ్ ఎక్కించకపోయినా అంతే. ఇవన్నీ పది నిమిషాల్లో సరిదిద్దగల లోపాలు. కానీ విడుదలకు రెండు రోజుల ముందు తెలిస్తే, దిద్దడానికి పది నిమిషాలు పట్టినా మళ్లీ తనిఖీకి వారం పడుతుంది.

'ఇంకా కొన్ని బగ్‌లు మిగిలాయి, అవీ సరిచేసి పంపుదాం' అన్న ఆలోచనే చాలామందిని ఆపుతుంది. స్టీమ్ విషయంలో ఈ సంకోచం అక్కర్లేదు. మొదటి బిల్డ్ ఆమోదం పొందాక దానిమీద వేసే మార్పులను వాల్వ్ మళ్లీ తనిఖీ చేయదు; విడుదల రోజు ఉదయం దాకా మెరుగుపరుస్తూ పోవచ్చు. ఆమోదం వచ్చినంత మాత్రాన గేమ్ బజారులోకి వెళ్లిపోదు. విడుదల బటన్ నొక్కేది తయారీదారులే. యాప్ స్టోర్‌లోనూ ఆమోదం పొందిన యాప్‌ను మనం చెప్పేదాకా ఆపి ఉంచమని ఎంచుకోవచ్చు, గూగుల్ ప్లేలోనూ అలాంటి ఏర్పాటు ఉంది. ఆమోదాన్ని ముందే సంపాదించి దగ్గర పెట్టుకోవడానికి అయ్యే ఖర్చేమీ లేదు. ఈ సౌకర్యం ఉందని తెలియక ఆఖరి రాత్రి దాకా ఆగేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

పనిదినాలంటే ఎవరి పనిదినాలన్నది మరో సంగతి. తెలుగు నేలమీద కూర్చుని గేమ్ తయారుచేస్తున్న బృందం సంక్రాంతికి విడుదల పెట్టుకుందనుకుందాం. పండగ సెలవుల్లో అందరూ ఇళ్లలో ఉంటారు, సరైన అదనే. కానీ జనవరి 14 నుంచి వెనక్కి లెక్క వేస్తే మధ్యలో అమెరికాలో క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవులు అడ్డుగా ఉంటాయి. వాల్వ్ ఉన్నది వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్వ్యూలో; అక్కడి సెలవు ఇక్కడి తనిఖీకీ సెలవే. ఆపిల్ ఒకప్పుడు క్రిస్మస్ వారంలో కొత్త యాప్‌లను తీసుకోవడమే ఆపేసేది. కొన్నేళ్లుగా మూయడం లేదు గానీ ఆ రోజుల్లో ఆలస్యం కావచ్చని చెబుతోంది. కాబట్టి సంక్రాంతి గేమ్‌కు తనిఖీ గడువు జనవరి మొదటి వారం కాదు, డిసెంబరు మొదటి వారం. దసరా, దీపావళి విడుదలలకు ఇంత చిక్కు లేదు. నవంబరు చివర్లో విడుదల పెట్టుకున్నవాళ్లు మాత్రం అమెరికా వాళ్ల థాంక్స్‌గివింగ్‌ను క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోవాలి.

ఫోన్ గేమ్‌ల లెక్క వేరు. తమ దగ్గరికి వచ్చే వాటిలో 90 శాతం 24 గంటల్లోపే తేలిపోతాయని ఆపిల్ చెబుతుంది. ఈ మాట విని నిశ్చింతగా ఉండేవాళ్లు అదే ఆపిల్ చెప్పే రెండో సంగతిని పట్టించుకోరు: పరిష్కారం కాకుండా మిగిలిన సమస్యల్లో 40 శాతానికి పైగా ఒకే నిబంధన కిందికి వస్తాయి. అది సంపూర్ణతకు సంబంధించినది. యాప్ మధ్యలో ఆగిపోవడం, పనిచేయని లింకులు, తర్వాత నింపుదామని వదిలిన ఖాళీ పేజీలు, లాగిన్ అవసరమైన చోట తనిఖీ చేసేవారికి ఖాతా వివరాలు ఇవ్వకపోవడం ఇందులోవే. అంటే ఇక్కడ జాప్యానికి పెద్ద కారణం ఆపిల్ దగ్గర వరుస పొడుగ్గా ఉండటం కాదు, అసంపూర్తిగా పంపడం. స్టీమ్‌లో పేజీ, బిల్డ్ ఒకదానితో ఒకటి సరిపోతే చిన్నచిన్న బగ్‌లున్నా ముందే పంపవచ్చు. ఆపిల్‌కు మాత్రం ప్రతి మార్పూ మళ్లీ తనిఖీకి వెళుతుంది కాబట్టి సంపూర్ణంగా ఉన్నదాన్నే, రెండు మూడు వారాల వెసులుబాటుతో పంపాలి. అప్పటిదాకా పరీక్షించుకోవడానికి ఆపిల్ వారి టెస్ట్‌ఫ్లైట్ అనే ఏర్పాటు ఉంది, బయటివాళ్లు 10,000 మంది దాకా అందులో ఆడి చూడవచ్చు.

గూగుల్ ప్లే దారిలో ఒంటరిగా గేమ్‌లు చేసేవారికి ఎదురయ్యే గడప ఇంకొకటి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలైతే గేమ్‌ను అందరికీ విడుదల చేసే ముందు కొంతమంది పరీక్షకులతో వరుసగా 14 రోజులు ఆడించి చూపాలి. మొదట 20 మంది అన్నారు, 2024 డిసెంబరులో 12కి తగ్గించారు. ఆ తర్వాతే విడుదల అనుమతికి దరఖాస్తు. వరంగల్లోనో విజయనగరంలోనో డిగ్రీ చదువుతూ మొదటి గేమ్ చేసిన విద్యార్థికి ఇది పెద్ద అడ్డంకిలా కనిపిస్తుంది. పన్నెండు మందిని బతిమాలి చేర్చితే మధ్యలో ఇద్దరు తప్పుకుంటారు, లెక్క చెడుతుంది. అయితే ఈ నిబంధనలో ఒక మేలు దాగి ఉంది. మొక్కుబడిగా ఫోన్‌లో ఎక్కించుకునే పన్నెండు మందిని కాకుండా, నిజంగా ఆడే పదిహేను ఇరవై మందిని చేర్చుకుంటే ఆ రెండు వారాలే గేమ్‌కు మొదటి నిజాయితీ గల సమీక్ష అవుతాయి. డబ్బు తీసుకుని పరీక్షకులను సమకూర్చే వ్యాపారాలు కూడా పుట్టుకొచ్చాయి. వాటి దగ్గరికి వెళ్లేవారు చేజేతులా పోగొట్టుకునేది ఈ అవకాశాన్నే.

ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వంటి కన్సోళ్ల మీద, అంటే ఆటల కోసమే చేసిన యంత్రాల మీద వచ్చే గేమ్‌లకు తనిఖీ మరీ కఠినం. సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో ఒక్కొక్కరికీ తమ తమ సాంకేతిక నిబంధనల పట్టిక ఉంది. ఆడుతుండగా కంట్రోలర్ ఊడిపోతే ఏం కావాలి, సేవ్ చేస్తుండగా కరెంటు పోతే ఏమవుతుంది, బటన్ల పేర్లు ఎలా రాయాలి అన్నంత వివరంగా ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ తప్పితే డబ్బు కూడా పోయేది. 2012లో ఎక్స్‌బాక్స్ 360 మీద వచ్చిన 'ఫెజ్' గేమ్‌కు వేసిన ప్యాచ్, అంటే విడుదలయ్యాక చేర్చే సవరణ, కొద్దిమంది ఆటగాళ్ల సేవ్ ఫైళ్లను పాడుచేసింది. దాన్ని సరిచేసి మళ్లీ తనిఖీకి పంపాలంటే పదుల వేల డాలర్లు కట్టాలని, అంత తమ వల్ల కాదని పాలిట్రాన్ అనే ఆ చిన్న బృందం ప్రకటించింది. లోపం ఉందని తెలిసిన ప్యాచ్‌నే కొనసాగించవలసి వచ్చింది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ రుసుమును తీసేసింది. రుసుము పోయినా గడువులు పోలేదు. కన్సోల్ తనిఖీలో ఒక్కసారైనా తిరిగి వస్తుందని ముందే అనుకుని రోజులు కేటాయించడమే వివేకం.

తనిఖీలో నెగ్గడం గేమ్ సిద్ధంగా ఉందనడానికి రుజువు కాదని 2020 డిసెంబరు నేర్పింది. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ తయారుచేసిన 'సైబర్‌పంక్ 2077' పాత కన్సోళ్ల మీద అడుగడుగునా ఆగిపోతూ విడుదలైంది. అది తనిఖీని ఎలా దాటిందని మదుపరులు అడిగితే, విడుదల నాటికి సరిచేస్తామన్న తమ మాటను కన్సోల్ సంస్థలు నమ్మి ఉంటాయని కంపెనీ పెద్దలే అన్నారు. పది రోజులు గడవకముందే సోనీ దాన్ని తన దుకాణం నుంచి తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. తిరిగి అమ్మకానికి వచ్చింది 2021 జూన్‌లో. పేరున్న సంస్థ కాబట్టి మాట చెల్లింది, ఆ చెల్లుబాటే వాళ్ల కొంప ముంచింది.

సమీక్షకుల చేతికి

అదే గేమ్ కథలో సమీక్షల అధ్యాయం ఇంకా నొప్పి కలిగిస్తుంది. విడుదలకు ముందు సమీక్షకులకు ఇచ్చింది కంప్యూటర్ బిల్డ్ మాత్రమే. తాము ఆడినప్పటి దృశ్యాలను చూపకూడదని, కంపెనీ ఇచ్చిన వీడియోనే వాడాలని షరతు. శక్తిమంతమైన కంప్యూటర్ల మీద ఆడినవాళ్లు గేమ్‌ను మెచ్చుకున్నారు, వాళ్లు చూసింది మెచ్చదగినదే. పాత ప్లేస్టేషన్ 4 మీద ఆడబోయే వాళ్లకు ఆ సమీక్షల్లో ఒక్క ముక్క కూడా పనికిరాలేదు. చివరి నిమిషం దాకా కన్సోల్ బిల్డ్‌ను సరిచేస్తూనే ఉన్నామని, అందుకే ఇవ్వలేకపోయామని తర్వాత సంజాయిషీ చెప్పారు. సంజాయిషీ నిజమే కావచ్చు. సమీక్షకు ఇవ్వడానికి సిద్ధం కానిది అమ్మకానికి ఎలా సిద్ధమైందన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు.

సమీక్షకులకు ఎప్పుడు పంపాలనే దానికి గట్టి కొలత ఇక్కడే దొరుకుతుంది. కొనేవాడు ఏ యంత్రం మీద, ఏ పరిస్థితిలో ఆడతాడో అదే స్థితిలో గేమ్‌ను చూపగలిగిన రోజున పంపాలి. అంతకు ముందు పంపితే మోసపోయేది సమీక్షకులు, ఆ తర్వాత కొనుగోలుదారులు. మరీ ఆలస్యం చేస్తే దాచిపెడుతున్నారన్న అనుమానం పుడుతుంది. 2014 నవంబరులో యూబీసాఫ్ట్ 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' సమీక్షలను విడుదల రోజు మధ్యాహ్నం దాకా ప్రచురించకూడదని నిషేధం పెట్టింది. అర్ధరాత్రి నుంచే గేమ్ అమ్ముడుపోతోంది. మనుషుల ముఖాలు మాయమై కళ్లు, పళ్లు మాత్రమే గాలిలో వేలాడే బొమ్మలు జనం దగ్గర నుంచే లోకమంతా పాకాయి. చివరికి కంపెనీ క్షమాపణ చెప్పి, విడిగా అమ్మాలనుకున్న అదనపు భాగాన్ని ఉచితంగా ఇచ్చింది. ప్రతి ఆలస్యం వెనకా దురుద్దేశం ఉండదు. 2016లో 'డూమ్' సమీక్షా ప్రతులు కూడా విడుదల అంచున అందాయి, గేమ్ మాత్రం అద్భుతంగా ఉంది. కానీ ఆ రోజు దాకా ఆటగాళ్లు అనుమానంతో గడపవలసి వచ్చింది, మంచి గేమ్‌కు ఆ అవస్థ అక్కర్లేదు.

ఇక రోజుల లెక్క. దానికి మూలం గేమ్ పొడవు. మూడు గంటల్లో ముగిసే కథకు వారం పది రోజుల ముందు ఇస్తే చాలు. ముప్ఫై గంటల గేమ్‌కు మూడు వారాలు కావాలి, ఎందుకంటే సమీక్షకుడి బల్ల మీద అదొక్కటే ఉండదు. 2023 ఆగస్టు 3న వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3' వంద గంటలకు పైగా ఆడించగలదు. దాన్ని ముగించి మార్కు వేయడానికి సమయం చాలక చాలా పత్రికలు విడుదల రోజున అసంపూర్తి అభిప్రాయాలతోనే సరిపెట్టుకున్నాయి. ఆ గేమ్ గొప్పది కాబట్టి ఆలస్యంగా వచ్చిన సమీక్షలూ దానికి మేలే చేశాయి. పేరు తెలియని బృందపు గేమ్‌కు అలా జరిగితే సమీక్ష వచ్చే నాటికి కొత్త గేమ్‌ల జాబితాలో దాని పేరు కిందికి జారిపోయి ఉంటుంది.

ఆ మొదటి మార్కు ఎంత బరువైనదో తెలియాలంటే 'ఫాల్అవుట్: న్యూ వేగస్' ఉదంతం చూడాలి. 2010లో వచ్చిన ఈ గేమ్‌కు, పత్రికల మార్కులన్నీ కలిపి సగటు చూపే మెటాక్రిటిక్ వెబ్‌సైట్‌లో 85 వస్తే తయారీదారు ఆబ్సిడియన్‌కు బోనస్ ఇచ్చే ఒప్పందం ఉండేది. వచ్చింది 84. విడుదల నాటి బగ్‌లు సమీక్షల్లో ప్రముఖంగా కనిపించాయి, ఆ తర్వాత వాటిలో చాలావాటిని సరిచేశారు. సరిచేసినందుకు మార్కు పెరగలేదు. మెటాక్రిటిక్ ఒక పత్రిక మొదట ప్రచురించిన మార్కునే లెక్కలోకి తీసుకుంటుంది, తర్వాత ఆ పత్రిక మనసు మార్చుకున్నా సగటు మారదు. పాలిగాన్ సిమ్‌సిటీకి ఇచ్చిన మార్కును ఎన్నిసార్లు దించినా అక్కడ నిలిచేది మొదటిదే. తిరిగి తీసుకోలేని మాట అంటే ఇదే.

అయినా చిన్న బృందాలకు చెడ్డ సమీక్షకన్నా పెద్ద ప్రమాదం అసలు సమీక్షే రాకపోవడం. మెటాక్రిటిక్‌లో సగటు కనిపించాలంటేనే కనీసం నాలుగు సమీక్షలు కావాలి. అందువల్ల పంపే వేళతో పాటు పంపే తీరు కూడా ముఖ్యం. గేమ్ గురించి నాలుగు వాక్యాలు, ఒక చిన్న వీడియో, విడుదల తేదీ, ఎప్పటి నుంచి ప్రచురించవచ్చో ఒక తేదీ, తెలిసిన లోపాల జాబితా, విడుదల రోజు రాబోయే ప్యాచ్ ఏమి సరిచేస్తుందో నిజాయితీగా ఒక మాట, వీటితో పాటు కీ, అంటే గేమ్‌ను డబ్బు కట్టకుండా తెరిచే కోడ్. ఈ లోపాల జాబితా ఇవ్వడానికి చాలామంది జంకుతారు. ముందే చెప్పిన లోపాన్ని సమీక్షకుడు అర్థం చేసుకుంటాడు, తనంతట తాను కనిపెట్టినదాన్ని గట్టిగా రాస్తాడు. స్టీమ్‌లో గేమ్‌లను సిఫారసు చేసే క్యురేటర్లకు కీ అవసరం లేకుండా గేమ్ ప్రతిని నేరుగా పంపే ఏర్పాటు అక్కడే ఉంది, 100 మంది దాకా పంపవచ్చు. పేరున్న చానళ్ల పేరుతో కీలు అడిగి వాటిని బయట అమ్ముకునేవాళ్లు కూడా ఉన్నారు. అడిగిన ఈమెయిల్ చిరునామా ఆ చానల్ పేజీలో ఉన్నదేనా అని సరిచూసుకోకుండా ఏ కీ ఇవ్వకూడదు.

ముందస్తు ప్రతులు ఇవ్వకుండానే నెగ్గినవాళ్లు లేరా? ఉన్నారు. 2025 సెప్టెంబరు 4న వచ్చిన 'హాలో నైట్: సిల్క్‌సాంగ్' ప్రతులు ఏ సమీక్షకుడికీ ముందుగా అందలేదు. తమకు మొదటి నుంచి డబ్బు ఇచ్చి నిలబెట్టిన ఆటగాళ్లకన్నా ముందు విమర్శకులు ఆడటం న్యాయం కాదని దాని తయారీ బృందం టీమ్ చెర్రీ భావించింది. ఆ రోజు కొనుగోలుదారుల తాకిడికి దుకాణాల వెబ్‌సైట్లే కాసేపు స్తంభించాయి. దాన్ని చూసి ఇదే దారి అనుకోవడం పొరపాటు. వాళ్ల మొదటి గేమ్ కోటిన్నర ప్రతులు అమ్ముడైంది, రెండోదాని కోసం జనం ఆరేళ్లకు పైగా ఎదురుచూశారు. అంత నమ్మకం ఇంకా సంపాదించని వారికి సమీక్షే పరిచయ పత్రం. పైగా ఆ తేదీ తెలిసిన వెంటనే అనేక చిన్న బృందాలు తమ గేమ్‌లను వాయిదా వేసుకున్నాయి. అది పిరికితనం కాదు. సమీక్షకులందరూ ఒకే గేమ్ ఆడుతున్న వారంలో కీ పంపినా తెరిచి చూసేవాళ్లుండరు.

ఆడేవాళ్ల మాట

దుకాణానికీ పత్రికలకూ మధ్య మూడో పరీక్షకులున్నారు, ఆటగాళ్లు. స్టీమ్ 2013లో ఎర్లీ యాక్సెస్ తెచ్చాక పూర్తికాని గేమ్‌ను అమ్ముతూనే మెరుగుపరచడం సాధ్యమైంది. 'హేడీస్' 2018 డిసెంబరు నుంచి 2020 సెప్టెంబరు దాకా, మొదట ఎపిక్ గేమ్స్ దుకాణంలో, ఏడాది తర్వాత స్టీమ్‌లోనూ, అలాగే పెరిగింది. పత్రికలు మార్కులు వేసే నాటికి దాన్ని వేలమంది ఆడి, తిట్టి, మెచ్చి సానపట్టారు. ఈ పద్ధతి గొప్పది, కానీ ఇది తనిఖీలా తిరిగి ఇచ్చే చోటు కాదు. స్టీమ్‌లో పది సమీక్షలు చేరగానే పేజీ మీద గేమ్‌కు బాగుందనో బాగోలేదనో ఒక ముద్ర పడుతుంది. ఆ పది కూడా అక్కడ కొన్నవాళ్లు రాసినవే లెక్క. కీ ద్వారా ఆడినవాళ్ల సమీక్షలను 2016 నుంచి ఆ ముద్రలో కలపడం లేదు కాబట్టి స్నేహితులకు కీలు పంచి రాయించుకోవడం వృథా. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు తిరిగి తీసుకునే హక్కు కొనేవారికి ఉంది. మొదటి రెండు గంటలు గట్టిగా నిలబడని గేమ్‌ను ఎర్లీ యాక్సెస్‌లో పెట్టడమంటే ఆ పది సమీక్షలను చేజేతులా పాడుచేసుకోవడమే.

స్టీమ్ ఏడాదికి మూడుసార్లు జరిపే నెక్స్ట్ ఫెస్ట్ కూడా అలాంటిదే. రాబోయే గేమ్‌ల డెమోలను అందరూ ఉచితంగా ఆడే వారం అది. ఒక గేమ్‌కు అందులో ఒక్కసారే చోటు. అందిన మొదటి ఫెస్ట్‌కే తొందరపడి పంపేవాళ్లు ఎక్కువ. విడుదలకు దగ్గరగా ఉన్న ఫెస్ట్‌ను ఎంచుకుంటే డెమో పదునుగా ఉంటుంది, తర్వాత కొందామని విష్‌లిస్ట్‌లో చేర్చుకున్నవాళ్లు మరిచిపోకముందే గేమ్ వస్తుంది. డెమో మొదటిసారి అపరిచితుల చేతిలో పడేది ఈ ఫెస్ట్‌లో కాకూడదు. చాలా ఏళ్లు హైదరాబాద్ వేదికగా జరిగిన ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ వంటి చోట్ల బల్ల మీద బిల్డ్ పెట్టి, ఆడుతున్నవాళ్ల చేతులను, ముఖాలను మౌనంగా గమనిస్తే ఏ సమీక్షా చెప్పనంత తెలుస్తుంది. కళాశాల ల్యాబ్‌లో పది మందితో చేసినా అంతే విలువ.

ఫోన్ గేమ్‌లకు ఈ విషయంలో కాస్త వెసులుబాటు ఉంది. ఒకటి రెండు దేశాల్లో ముందు విడుదల చేసి, సరిదిద్ది, ఆ తర్వాత ప్రపంచమంతా తెరవడం పెద్ద కంపెనీల పాత అలవాటు. 'క్లాష్ రాయల్' 2016 జనవరిలో కొన్ని దేశాల్లో వచ్చి, మార్చిలో అందరికీ అందింది. 2021 నవంబరు నుంచి గూగుల్ ప్లే ఏ దేశపు వాడుకరులకు ఆ దేశపు రేటింగ్‌నే చూపుతోంది, కాబట్టి ఒకచోట పడిన తక్కువ రేటింగ్ మరోచోటికి పాకదు. ఆపిల్ కొత్త వెర్షన్‌తో పాటు రేటింగ్‌ను మొదటి నుంచి లెక్కించుకునే వీలు ఇస్తుంది. దిద్దుకునే వీలున్న చోట ముందుగా వెళ్లడం తప్పు కాదు.

చిక్కంతా విడుదలకు పది రోజుల ముందు పెద్ద లోపం బయటపడినప్పుడు. సేవ్ ఫైళ్లు పోతున్నాయనుకుందాం. స్టీమ్‌లో విడుదల తేదీకి రెండు వారాల లోపల ఉంటే దాన్ని మన చేత్తో మార్చలేం, వాల్వ్‌కు రాసి అడగాలి. బిల్డ్‌కు ఆమోదం ముందే చేతిలో ఉంటే, సమీక్షకులకు కీలు ఇంకా వెళ్లకపోతే, నష్టం ఆ ఒక్క ఉత్తరంతో, విష్‌లిస్ట్‌లో ఉన్నవారికి చెప్పుకునే ఒక సంజాయిషీతో ముగుస్తుంది. కీలు వెళ్లిపోయి ఉంటే మొదట రాయవలసింది వాల్వ్‌కు కాదు, ఆ కీలు అందుకున్న ప్రతి ఒక్కరికీ. లోపం ఏమిటో, సరైన బిల్డ్ ఏ రోజున వస్తుందో చెప్పి, అప్పటిదాకా మార్కు వేయవద్దని అడగాలి. ఆగాలా వద్దా అన్నది ఇక వాళ్ల చేతిలో ఉంటుంది.